చెన్నై కాలేజీలో వాలీబాల్ సీటు ఇస్తామంటున్నారు, పాపను పంపమంటారా?

నాయుడుపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఆయన పాప ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. జిల్లా జట్టుకు రెండేళ్లు ఆడింది, రాష్ట్ర జూనియర్స్‌కి ఒకసారి వెళ్లింది. చెన్నైలో రెండు కాలేజీలు స్పోర్ట్స్ కోటాలో సీటు ఇస్తామంటున్నాయి. ఒకటి పేరున్న డీమ్డ్ యూనివర్సిటీ, రెండోది మద్రాస్ యూనివర్సిటీ కిందున్న ఆడపిల్లల కాలేజీ. "వాలీబాల్‌ను నమ్ముకుంటే పాపకు బతుకుదెరువు దొరుకుతుందా? ఆట మాన్పించి ఇక్కడే ఇంజనీరింగ్‌లో చేర్చడం మేలా?" అని అడుగుతున్నారు.

పంపండి. బంతి ఒక్కటే జీవితాంతం అన్నం పెట్టదు. కానీ 18 నుంచి 22 ఏళ్ల మధ్య ఆట, డిగ్రీ రెండూ చేతిలో ఉన్న అమ్మాయికి మిగతా పిల్లలకు తెరుచుకోని తలుపులు కొన్ని తెరుచుకుంటాయి. అయితే ఒక షరతు. ఏ కాలేజీకి పేరెక్కువ అని చూడకండి. ఏ కాలేజీలో మీ పాప కోర్టులో ఉండి ఆడుతుందో అది చూడండి. నా అనుభవంలో మిగతావన్నీ దీని తర్వాతే.

నా గురించి రెండు మాటలు. మాది గూడూరు దగ్గర పల్లె. 1996లో, మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాదే, డిగ్రీకి ఇక్కడికి వచ్చాను. యూనివర్సిటీకి ఆడాను, తర్వాత వ్యాయామ విద్యలో డిగ్రీ, పీజీ అంటే బీపీఈడీ, ఎంపీఈడీ చేశాను. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పని చేస్తున్నాను. మీరు రాసిన రెండు కాలేజీల్లో మాది లేదు, కాబట్టి ఎటువైపూ మొగ్గకుండా చెప్పగలను.

ముందు డబ్బు సంగతి. టీవీలో చెన్నై బ్లిట్జ్, బెంగళూరు టార్పెడోస్, హైదరాబాద్ బ్లాక్ హాక్స్ ఆడే ప్రైమ్ వాలీబాల్ లీగ్ 2022లో మొదలైంది. అది మగవాళ్ల లీగ్. వేలంలో లక్షలు పలికే ఆ దారి ఇవాళ్టికి మన ఆడపిల్లలకు లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయమే, కానీ మీరు నిర్ణయం తీసుకునేటప్పుడు దాన్ని లెక్కలో వేసుకోకూడదు. అమ్మాయిలకు వాలీబాల్‌తో వచ్చేది ఉద్యోగం. రైల్వేలు, పోలీసు, కేంద్ర బలగాలు, ఇన్‌కమ్ టాక్స్, పోస్టల్ శాఖలు ఉన్నాయి. కేరళలో విద్యుత్ బోర్డుకు మంచి మహిళా జట్టు ఉంది. సీనియర్ నేషనల్స్ మహిళల ఫైనల్ అంటే చాలా ఏళ్లు రైల్వేస్, కేరళ ఎదురెదురుగా నిలబడటమే. అంటే దేశంలో బాగా ఆడే అమ్మాయిల్లో ఎక్కువమంది ఎక్కడో ఒకచోట ఉద్యోగం చేసుకుంటూ ఆడుతున్నవాళ్లే.

రైల్వే స్పోర్ట్స్ కోటా ఎలా నడుస్తుందో చెప్తే, కాలేజీ ఎంపిక గురించి నేనెందుకంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. వయసు 18 నుంచి 25 ఏళ్లు. సడలింపు ఉండదు. మొత్తం 100 మార్కులు. ఆటలో సాధించిన వాటికి 50, ట్రయల్స్‌కి 40, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి కనీసం 25 రాకపోతే చేతిలో ఎన్ని సర్టిఫికెట్లున్నా లెక్కలోకి రావు. లెవెల్ 2, లెవెల్ 3 పోస్టులకు ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్టులో ఉండటం ఒక అర్హత. రాష్ట్రం తరఫున సీనియర్ లేదా జూనియర్ నేషనల్స్ ఆడి ఎనిమిదో స్థానంలోపు రావడం ఇంకొకటి. ఏడో వేతన సంఘం లెక్కలో మూల వేతనం లెవెల్ 2కి 19,900, లెవెల్ 3కి 21,700. దాని మీద డీఏ, ఇంటద్దె, పాసులు. ఉద్యోగంలో చేరాక సగం పూట ఆఫీసు, సగం పూట గ్రౌండు. అర్హతలు పోస్టును బట్టి, నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి, ప్రతిసారీ కొత్త నోటిఫికేషన్ చదువుకోవాలి.

ఇప్పుడు ఆ 50, 40 మార్కుల మధ్య ఏం జరుగుతుందో చూడండి. నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి చాలా బలమైన జట్టున్న చోట చేరింది. మూడేళ్లూ జట్టు పన్నెండు మందిలో ఉంది. ఆల్ ఇండియాలో మెడల్ వచ్చింది, సర్టిఫికెట్ మీద పేరుంది. కానీ మూడేళ్లలో ఆమె కోర్టులోకి దిగింది సర్వీస్ చేయడానికి, అదీ సెట్ చివర్లో ఒకటి రెండు సార్లు. ట్రయల్స్ రోజు కోచ్ అటువైపు టేబుల్ మీద నిలబడి వరసగా బంతులు కొట్టారు. మొదటి పది బాగానే తీసింది. పదిహేనో బంతి దగ్గర ఆమె పాదాలు ఆలస్యం కావడం నేను గ్యాలరీలోంచి చూశాను. బంతి వచ్చాక కదులుతోంది. మ్యాచ్‌లు ఆడుతున్న పిల్ల కొట్టేవాళ్ల భుజం చూసి ముందే కదులుతుంది, అది ప్రాక్టీసులో నేర్చుకునేది కాదు. 25 రాలేదు.

అదే ఏడాది మా కాలేజీ నుంచి ఒక సెట్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతి లేపి అందించే అమ్మాయి, వెళ్లింది. మా జట్టు సాధారణమైనదే, ఇంటర్ కాలేజియేట్‌లో సెమీస్ దాటితే గొప్ప. కానీ మూడేళ్లలో మేం ఆడిన ప్రతి మ్యాచ్‌లో రెండో బంతి ఆ పిల్ల చేతి నుంచే వెళ్లింది. యూనివర్సిటీ సెలక్షన్స్‌లో ఆమెను వదులుకోలేక తీసుకున్నారు. ఇప్పుడు రైల్వేలో ఉంది, పెళ్లయి పాప పుట్టాక కూడా ఆడుతోంది.

మీ రెండు కాలేజీల మధ్య అసలు తేడా ఇదీ. డీమ్డ్ యూనివర్సిటీలో కాలేజీ జట్టే యూనివర్సిటీ జట్టు. పన్నెండు మందిలో ఉంటే నేరుగా సౌత్ జోన్‌కి, అంటే దక్షిణాది యూనివర్సిటీల పోటీలకు వెళ్తుంది. అక్కడ మొదటి నాలుగు జట్లలో వస్తే ఆల్ ఇండియా. దారి చిన్నది. కానీ ఆ పన్నెండు మంది కోసం తమిళనాడు స్పోర్ట్స్ హాస్టళ్ల నుంచి, కేరళ నుంచి పిల్లల్ని ఏరుకొస్తారు. మన దగ్గర జిల్లాలో పొడుగ్గా కనిపించే అమ్మాయి అక్కడ వరసలో నిలబడితే అందరిలో ఒకతె. మద్రాస్ యూనివర్సిటీ కిందున్న కాలేజీలో దారి పొడుగు. ముందు కాలేజీల మధ్య పోటీలు, అక్కడ బాగా ఆడినవాళ్లకు సెలక్షన్స్, తర్వాత క్యాంపు, చివరికి పన్నెండు మంది. కానీ కాలేజీ జట్టులో మొదటి రోజు నుంచే పాపకు చోటుంటుంది. సౌత్ జోన్ అంటే తేలిక అనుకోకండి, కాలికట్, ఎంజీ లాంటి కేరళ యూనివర్సిటీలు ఉండే జోన్ అది. నా లెక్కలో దేశంలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

కాబట్టి డీమ్డ్ యూనివర్సిటీ కోచ్‌ను ఒక్క మాట అడగండి. "మా పాప పొజిషన్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏ ఏడాది చదువుతున్నారు?" అని. ముందున్న ఇద్దరు ఫైనలియర్‌లో ఉంటే ధైర్యంగా చేర్చండి. ఇద్దరూ ఫస్టియర్ అయితే చాలాకాలం బెంచీయే. మంచి కోచ్ ఈ ప్రశ్నకు నిజమే చెప్తారు. తప్పించుకుంటే అదీ సమాధానమే.

పాప ఏ పొజిషన్ ఆడుతుందో మీరు రాయలేదు. 5 అడుగుల 8 అంగుళాలు మంచి ఎత్తే, కానీ ఎత్తు ఒక్కటే చూడరు. ఇవాళే ఇంట్లో ఒక పని చేయండి. పాపను గోడ పక్కన చెప్పుల్లేకుండా నిలబెట్టి, చేయి పైకెత్తించి, మధ్యవేలు అందిన చోట సుద్దతో గీత గీయండి. తర్వాత వేళ్లకు సుద్దపొడి రాసి, మూడడుగులు నడిచి ఎగిరి గోడను తట్టమనండి. నేల నుంచి ఆ రెండు గుర్తులూ ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలవండి. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఎగిరి తాకిన గుర్తు 2.75 మీటర్ల దగ్గర ఉంటే అటాకర్‌గా, యూనివర్సల్‌గా (సెట్టర్‌కు ఎదురు స్థానంలో ఆడే పిల్లగా) ఏ కోచ్ అయినా ఆసక్తి చూపిస్తారు. తక్కువుంటే సెట్టర్‌గా తయారు చేసే కోచ్ ఉన్నచోట చేర్చండి. పొడుగైన సెట్టర్ దొరకడం చాలా కష్టం, బ్లాక్‌కి కూడా పనికొస్తుంది కాబట్టి అలాంటి పిల్లను ఎవరూ వదలరు.

నేను 5 అడుగుల 3 అంగుళాలు. డిగ్రీలో ఉన్నన్నాళ్లూ డిఫెన్స్ ఎంత బాగా చేసినా ముందు వరసకు తిరిగి వచ్చేసరికి నన్ను మార్చేసేవాళ్లు. 1998లో అంతర్జాతీయంగా లిబరో నిబంధన వచ్చింది, అంటే వెనక వరసలో డిఫెన్స్ కోసమే ఒక ప్లేయర్. మా పోటీల దాకా వచ్చేసరికి నేను బీపీఈడీలో ఉన్నాను. వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరసలో నిలబడిన మొదటి రోజు నాకింకా గుర్తుంది. ఒక్క నిబంధన మారితే ఒక పిల్ల జాతకం మారింది. అందుకే ఎత్తు తక్కువని ఎవరినీ తీసిపారేయొద్దని మా పిల్లల తల్లిదండ్రులకు చెప్తుంటాను.

సర్టిఫికెట్ విషయంలో నేను దెబ్బ తిన్నాను, మీరు తినొద్దు. ఉద్యోగానికి మెడల్ చూపిస్తే సరిపోదు. కేంద్ర ప్రభుత్వ పద్ధతిలో ఫారాలుంటాయి. నేషనల్స్ ఆడితే ఫారం 2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం 3, స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4. ఫారం 3 మీద యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం, ముద్ర ఉండాలి. మా రోజుల్లో ఇది మాకెవరూ చెప్పలేదు. ఒక సంస్థలో ఇంటర్వ్యూకి పిలిచారు, ఫారం తెమ్మన్నారు, పది రోజులు గడువిచ్చారు. సంతకం చేయాల్సిన ఆఫీసు చుట్టూ తొమ్మిది రోజులు తిరిగాను. ఒక రోజు సార్ లేరు, ఒక రోజు రిజిస్టర్ దొరకలేదు, ఒక రోజు సీలు వేరే గదిలో ఉందన్నారు. పదకొండో రోజు సంతకమైంది. అప్పటికి ఆ పోస్టు వెళ్లిపోయింది. ఇప్పుడు మా పిల్లలు టోర్నీ నుంచి రైలు దిగిన వారంలోపే ఫారం నింపించి, సంతకం చేయించి, మూడు కాపీలు తీయించి, ఒకటి నా బీరువాలో పెట్టుకుంటాను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రైల్వే నోటిఫికేషన్లలో మామూలుగా ఆ ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు ఆర్థిక సంవత్సరాల్లో సాధించినవే లెక్కిస్తారు. ఫస్టియర్‌లో వచ్చిన మెడల్ డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా కూర్చుంటే పాతబడిపోతుంది. అందుకే డిగ్రీ అవ్వగానే ఆట ఆపకుండా పీజీలోనో, బీపీఈడీలోనో చేర్చాలి. ఇంటర్ యూనివర్సిటీ ఆడాలంటే రెగ్యులర్ విద్యార్థిగా ఉండాలి, వయసు 25 దాటకూడదు. దూరవిద్యలో చేరితే ఆడనివ్వరు.

నేషనల్స్ సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త ఒకటి చెప్పాలి. వాలీబాల్ సమాఖ్యలో గుర్తింపు గొడవలు చాలా ఏళ్లుగా నడిచాయి. ఆడే ముందు ఆ పోటీని నడుపుతున్నదెవరో, వాళ్ల సర్టిఫికెట్‌ను ఉద్యోగాలకు ఒప్పుకుంటున్నారో లేదో కోచ్‌ను అడగండి. ఆంధ్ర తరఫున ఆడుతుందా, తమిళనాడు తరఫునా అనేది కూడా మొదటి ఏడాదే తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు, తమిళనాడులోనూ 3 శాతం ఉంది. పాప రేపు ఎక్కడ స్థిరపడాలనుకుంటుందో దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండు చోట్లా పేచీ వస్తుంది.

ఇక మోకాలు. ఈ మాట రాయడం నాకిష్టం లేదు, కానీ రాయకపోతే తప్పు. ఎగిరి దిగే ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఏసీఎల్ (మోకాలి ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్) తెగడం ఎక్కువ. ఐదేళ్ల క్రితం చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వేరే కాలేజీలో ఆడేది. సెమీఫైనల్లో స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగింది. మోకాలు లోపలికి మడుచుకుపోయింది. చెరుకు గడ విరిచినట్టు వినిపించింది, పక్క కోర్టులో ఉన్న నాకు కూడా. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో ఆమె కాలేజీ హాస్టల్ రాయితీ ఆపేసింది, ఆడటం లేదు కదా అన్నారు. వాళ్ల నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసింది, ఇప్పుడు బెంగళూరులో ఒక స్కూల్లో పీఈటీ.

అందుకే చేర్చే ముందు కాగితం మీద రాయించుకోండి: ఫీజు ఎంత తగ్గిస్తారు, హాస్టల్, భోజనం అందులో ఉన్నాయా, దెబ్బ తగిలితే రాయితీ కొనసాగుతుందా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది. నోటిమాట నమ్మకండి. కోచ్ మారితే నోటిమాట కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. కోర్టు ఎలాంటిదో కూడా మీ కళ్లతో చూడండి. సిమెంటు మీద రోజూ ఎగిరించే చోట పిల్ల మోకాలు మూడేళ్లు నిలవదు. రెండు కాళ్ల మీద దిగడం, తొడ వెనక కండరాలకు బలం పెంచడం నేర్పే కోచ్ ఉంటే సగం భయం పోతుంది. అలాంటివాళ్లు చెన్నైలో ఉన్నారు.

పాపకు ఇప్పుడే ఒకసారి రక్తపరీక్ష చేయించండి. మన ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. మూడో సెట్‌లో కాళ్లు లేవడం లేదంటే బద్ధకం అనుకుంటారు. రక్తం లేక అలా అవుతుంది. నెలసరి రెండు మూడు నెలలు రాకపోతే, ఆట వల్లే అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. తిండి చాలడం లేదని ఒళ్లు చెప్పే మాట అది.

చదువు విషయానికొస్తే, ఇంజనీరింగ్ చేస్తూ కూడా ఆడొచ్చు, ఆడుతున్నవాళ్లున్నారు. కానీ ల్యాబులు, అటెండెన్సు, సౌత్ జోన్ తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాపకు లెక్కలంటే ఇష్టమైతే బీఎస్సీ, బీసీఏ చూడండి. బీకామ్ కూడా మంచిదే. ఆటలోనే ఉండాలనుకుంటే డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ, ఆపైన ఎంపీఈడీ, కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్ష. చెన్నైలో నందనం వైఎంసీఏ వ్యాయామ విద్యా కాలేజీ ఉంది, 1920లో హ్యారీ బక్ మొదలుపెట్టినది. మేలకోట్టయూరులో వ్యాయామ విద్యా విశ్వవిద్యాలయం ఉంది. కోచ్ కావాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ డిప్లొమా. ఆడపిల్లలకు ఆడ కోచ్‌లు ఇప్పటికీ తక్కువ, ఆ చోటు ఖాళీగా ఉంది. మాలినీ రెడ్డి 1973లోనే వాలీబాల్‌లో అర్జున అవార్డు అందుకున్నారని మా కోచ్ ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పేవారు. నేనూ చెప్తాను.

భాష గురించి టెన్షన్ పడకండి. మొదటి నెల కొంచెం ఇబ్బంది. కోర్టులో "ఎడు, ఎడు" అని అరుస్తారు. తమిళంలో "తీసుకో" అని. నెల్లూరు నుంచి వచ్చిన ఒక పిల్ల మొదటి రోజు ఆ అరుపుకి తనను ఏడవమంటున్నారేమో అనుకుని బంతి వదిలేసి నిలబడిపోయింది. దీపావళికి ఇంటికి వెళ్లేసరికి తనే "ఎడు" అని అరుస్తోంది. మీకైతే నాయుడుపేట దూరం కూడా కాదు, సూళ్లూరుపేట నుంచి లోకల్ రైళ్లున్నాయి. పాప ఆడే మొదటి మ్యాచ్‌కి వచ్చి కూర్చోండి. మా నాన్న ఒక్కసారే వచ్చారు, నేను ఆ రోజు ఆడినట్టు మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

ట్రయల్స్‌కి తీసుకొచ్చేటప్పుడు కొత్త బూట్లు కొనివ్వకండి, పాదం కరిచి రెండో గంటకే కుంటుతారు. అలవాటైన బూట్లు, మోకాలి ప్యాడ్‌లు, వేళ్లకు టేపు, అరటిపళ్లు. జిల్లా, రాష్ట్ర సర్టిఫికెట్ల అసలు కాపీలు, రెండేసి జిరాక్స్‌లు. గోడ మీద కొలిచిన ఆ రెండు అంకెలూ, పాప పొజిషనూ ఇక్కడ రాయండి. రెండు కాలేజీల్లో ఏది సరిపోతుందో అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్తాను.